ప్రూయిట్ గారి పచ్చికలో బోర్డు

మా పెళ్ళికి ముహూర్తం పెట్టింది పాస్టరు గారు కాదు, మ్యూల్స్ అని కంచరగాడిదల పేరు పెట్టుకున్న మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు. మా ఊరు ఆష్‌బీ ఫెర్రీలో ఫుట్‌బాల్ ఆడే నెలల్లో శనివారం పెళ్ళి పెట్టుకుంటే చుట్టాలు రారు. వచ్చినవాళ్ళు కూడా చెవిలో రేడియో పెట్టుకుని కూర్చుంటారు. అందుకని అక్టోబరంతా గాలించి, జట్టుకు ఆట లేని ఒకే ఒక్క శనివారం పట్టుకుని, ఆ రోజు టకర్ నన్ను పెళ్ళి చేసుకున్నాడు.

జనవరి చివరికి పద్నాలుగు వారాలు. ఆ పద్నాలుగు వారాలూ నేను నేల మీద నడవలేదు. ఉతికిన బట్టల్లోంచి అతని సాక్సులు వెతికి జత కలపడం కూడా నాకు పండగే. పోస్టు డబ్బా మీద మా ఇద్దరి పేర్లు చూసుకోవడానికి రోజుకు రెండుసార్లు రోడ్డు దాకా వెళ్ళేదాన్ని. పడకగదికి మేమిద్దరమే పండిన పీచ్ పండు రంగు వేసుకున్నాం. గోడ అంచులు పాడవకుండా అంటించుకోమని మా అత్తగారు లవాన్ ఒక ఆకుపచ్చ టేపు చుట్ట ఇచ్చారు. ఇంత సంతోషంలో ఉన్న మనిషి ఎవరికీ చెడు చేయదనుకునేదాన్ని. చేస్తుంది. సంతోషంగా ఉంది కాబట్టే, చూసుకోకుండా చేస్తుంది.

మా నాన్న పియానోలు శ్రుతి చేసేవాడు. మా ఇంట్లో శనివారం నిశ్శబ్దం. కాలేజీలో నాలుగేళ్ళు చదివినా నేను ఒక్క ఆట కూడా చూడలేదు. టకర్ ఇంట్లో మాత్రం చంటిపిల్లలకి కూడా కంచరగాడిద చెవుల టోపీలు పెడతారు. వాళ్ళంతా మాట్లాడుకుంటుంటే నేను నవ్వాల్సిన చోట నవ్వుతూ, తిట్టాల్సిన చోట తలూపుతూ కూర్చునేదాన్ని. ఎప్పుడో ఒకసారి ఆ బల్ల దగ్గర నా మాటకి కూడా అందరూ నవ్వాలని ఉండేది. నాకు కావలసిందల్లా అదే.

పోయిన నవంబరులో పక్క ఊరు డెల్‌మార్ జట్టు మన వాళ్ళ మీద యాభై రెండు పాయింట్లు కొట్టింది. దాంతో ప్రత్యర్థిని ఆపడం నేర్పే కోచ్‌లందరినీ పీకేశారు. జనవరి చివర్లో ఒక గురువారం, కొత్తగా ముగ్గుర్ని తీసుకున్నట్టు ప్రకటించారు. శనివారం పొద్దున డోనట్ల కొట్టులో ఊరంతా అదే మాట. మా బల్లకి పెద్ద, మా అత్తగారి తమ్ముడు డ్వైట్ మామయ్య.

"ముగ్గురు! ముగ్గుర్ని పట్టుకొచ్చారు," అన్నాడు చక్కెర అంటిన వేళ్ళు చూపిస్తూ. "ఒకడు రెండుసార్లు రిటైరైన ముసలాడు. రెండోవాడికి ఇంకా మీసమే సరిగ్గా మొలవలేదు. ఇక మూడోవాడు, ఈ గార్లండ్ ప్రూయిట్. వెనక వరస కుర్రాళ్ళకి నేర్పుతాడట! పోయినేడు పాత కాలేజీలో వీడి కుర్రాళ్ళ నెత్తి మీంచి బంతి కాదు, గడ్డి కోసే ట్రాక్టరు తోలుకెళ్ళినా ఆపినవాడు లేడు."

"అందుకేగా మామయ్యా అక్కడ తీసేశారు," అన్నాడు టకర్.

"అదేరా నేననేది! పక్కింటివాళ్ళు పారేసిన చెప్పులు తెచ్చుకుని మనం పెళ్ళికి తొడుక్కున్నట్టుంది."

ఇక్కడ ఒక అలవాటుంది. జట్టు ఘోరంగా ఓడిపోయిందంటే తెల్లారేసరికి కోచ్ ఇంటి ముందు పచ్చికలో 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డులు మొలుస్తాయి. ఎవరు పెట్టారో ఎవరూ అడగరు. అది గుర్తొచ్చి నేనన్నాను:

"అయితే సామాను విప్పకముందే ఆయన ఇంటి ముందు బోర్డు పాతేస్తే పోలా? పాపం, ఆయనకి సర్దే శ్రమ తప్పుతుంది."

డ్వైట్ మామయ్య బల్ల గుద్ది నవ్వాడు. పక్క బల్లవాళ్ళు ఏమిటేమిటని అడిగితే వాళ్ళకీ చెప్పాడు. "ఒక్క ఆటైనా ఆడకముందే! ఒరే టకర్, ఈ చదువుకున్న పిల్ల మన ఇంటి మనిషిరా!" అన్నాడు. టకర్ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆ మాట అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఆగలేదు. ప్రూయిట్ ఇల్లెక్కడో నాకు తెలుసు. మా అత్తగారు ఇళ్ళు అమ్మిపెడతారు. కొత్త సంవత్సరం నాడు భోజనాల దగ్గర చెప్పారు: "సైకమోర్ వీధి మూల మీది ఇల్లు ప్రూయిట్ వాళ్ళకి ఇప్పించాను. ఆయన ఉద్యోగం సంగతి ఇంకా ప్రకటించలేదు. ప్రకటించాక కూడా ఈ మాట ఈ బల్ల దాటకూడదు. ఈ ఊరి జనం సంగతి నాకు తెలుసు." ఆ మాటన్నప్పుడు ఆవిడ నన్ను కూడా చూశారు, ఇంట్లో అందరితో పాటు. నాకప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో.

ఆదివారం నాకు తలనొప్పి అని చెప్పి చర్చి ఎగ్గొట్టాం. అత్తగారి గరాజులోంచి ఒక బోర్డు తీశాం. దాని అడుగున పెద్దక్షరాల్లో ఆవిడ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. పడకగదికి వాడగా మిగిలిన ఆకుపచ్చ టేపు వాటి మీద నాలుగు వరసలు అంటించాను. తొమ్మిదిన్నరకి సైకమోర్ వీధిలో మనిషి జాడ లేదు. ఆ ఇంటి ముందు కారు లేదు. కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి.

"తొందరగా కొట్టు బంగారం, ఎవరైనా వస్తారు," అన్నాడు టకర్ నవ్వాపుకోలేక.

"ఉండు, వంకరగా ఉంది. పనంటూ చేస్తే నీటుగా చేయాలిగా!"

చెక్క సుత్తి ఎత్తి పట్టుకుని నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటే అతను ఫోటో తీశాడు. మా పికప్ బండి ఎక్కేలోపే దాన్ని డ్వైట్ మామయ్యకి పంపాడు. ఆ ఇల్లెక్కడో అన్నది మా ఇంటి గుట్టని మాకు తోచలేదు. ఇంటికొచ్చి గుడ్డు దోసెలు కాల్చుకుని, తేనె పోసుకుని, ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం. బయట సన్నగా తుంపర మొదలైంది. టేపు నాకు గుర్తుకే రాలేదు.

మధ్యాహ్నం అత్తగారింటికి భోజనానికి వెళ్తే, నా తలనొప్పి కోసం ఆవిడ అల్లం సోడా చల్లబెట్టి ఉంచారు. గ్లాసు నా చేతికిచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "జ్వరం లేదులే. తిని కాసేపు పడుకో," అన్నారు. డ్వైట్ మామయ్య అప్పటికే కూర్చుని మాంసం కోస్తూ నా వైపు చూసి కన్ను గీటాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

"లవాన్‌నే మాట్లాడుతున్నాను... ఆఁ, మిసెస్ ప్రూయిట్, చెప్పండి... ఏ బోర్డు?... లేదమ్మా. లేదు, లేదు. ఇల్లు మీదే... ఎవరూ తీసుకోరు... ఏడవకండి. చేస్తున్న పని ఆపి కాసేపు కూర్చోండి. నేను కనుక్కుంటాను."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. తర్వాత మాంసం గిన్నె మీద మూతపెట్టి చెప్పారు.

"పోయిన ఊళ్ళో వాళ్ళకి ముందు బోర్డు వచ్చిందట. ఉద్యోగం పోయిన సంగతి తర్వాత తెలిసిందట. ఈ పొద్దున తెర తీసి చూస్తే మళ్ళీ బోర్డు. ఆయన జట్టు కోసం కొత్త కుర్రాళ్ళని వెతకడానికి ఊరెళ్ళాడు, ఫోన్ ఎత్తడం లేదు. యూనివర్సిటీ వాళ్ళు మనసు మార్చుకున్నారనుకుంది. నిన్న విప్పిన పళ్ళాలన్నీ పొద్దుట్నుంచీ మళ్ళీ కాగితాల్లో చుడుతోందట. ఇందాక వానకి టేపు ఊడి నా పేరు బయటపడింది. ఇల్లు ఇప్పించినావిడే మళ్ళీ అమ్ముతోందంటే ఇక నిజమేననుకుంది. ఎప్పటికల్లా ఖాళీ చేయాలో అడగడానికి ఫోన్ చేసింది."

ఆవిడ బల్ల చుట్టూ అందరినీ చూశారు.

"ఎవరు చేశారు?" అన్నారు.

టకర్ ఫోర్కు కింద పెట్టాడు. "నేనే అమ్మా."

అప్పుడే నేను చెప్పాలి. ఆలోచన నాది, టేపు నేనంటించాను, సుత్తి నేను పట్టాను. కానీ నేను అల్లం సోడా ఒక గుటక మింగాను. నిజం చెప్పాలంటే రెండు గుటకలు. పద్నాలుగు వారాల క్రితం నా చెయ్యి పట్టుకున్న మనిషి తల్లి ముందు తల దించుకుని కూర్చుంటే, నేను గ్లాసులో బుడగలు చూస్తూ కూర్చున్నాను.

"నువ్వా! వాడికంత బుర్రెక్కడిది?" డ్వైట్ మామయ్య వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు పాపం. "ఇదంతా నీ కోడలి ఘనతే అక్కా. చూడు, నాలుగొందల మంది నవ్వారు దీనికి." ఫోన్ తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఫోన్‌లో జట్టు అభిమానుల గ్రూపులో నా ఫోటో.

ఆవిడ అద్దాలు పెట్టుకుని దాన్ని చూశారు. అద్దాలు తీసి మడిచి పక్కన పెట్టారు.

"తలనొప్పి తగ్గిందా, మేరీబెత్?"

తిట్టి ఉంటే బాగుండేది.

"తప్పు నాది. ఆ ఇల్లెక్కడో ఈ బల్ల దగ్గర చెప్పకుండా ఉండాల్సింది," అన్నారావిడ. "ఇక చెప్పను." తన కోటు కోసం లేచారు.

"లవాన్ గారూ, నేను వెళ్తాను," అన్నాను. "దయచేసి నన్ను వెళ్ళనివ్వండి."

ఆవిడ కోటు అందుకోబోయి ఆగారు. "వెళ్ళు. నీ తప్పు నువ్వు చెప్పుకో. నాది నేను తర్వాత వెళ్ళి చెప్పుకుంటాను."

టకర్ నన్ను బండిలో దించాడు. తనూ లోపలికి వస్తానంటే వద్దన్నాను. తుంపర ఆగిపోయింది. బోర్డు పచ్చికలో లేదు. మిసెస్ ప్రూయిటే పెరికినట్టుంది, దాని కాళ్ళకంటిన బురద తుడిచి మరీ వరండా గోడకి ఆనించి పెట్టింది. పరాయివాళ్ళ సొత్తు కదా అని కాబోలు.

తలుపు తీసినావిడకి నలభై ఉంటాయి. చేతి వేళ్ళు వార్తాపత్రికల సిరాతో నల్లబడి ఉన్నాయి. వెనక వంటింటి నేల మీద అట్టపెట్టెలు, కాగితాల్లో చుట్టిన పళ్ళాల దొంతరలు.

"నేను లవాన్ గారి కోడల్నండి," అన్నాను.

"అయ్యో, ఆవిడ నిన్ను పంపారా? ఎంత మంచావిడో! రా, లోపలికి రా. నేనే పిచ్చిదాన్ని, ఏదో కుర్రకారు తమాషాకి చేస్తే ఇంత గొడవ చేశాను. కాఫీ కూడా పెట్టలేను, కప్పులన్నీ కట్టేశాను చూడు." నవ్వింది. కళ్ళు వాచి ఉన్నాయి.

లోపలికి వెళ్ళి కూర్చోవడం ఎంత తేలికో! పళ్ళాలు విప్పడానికి సాయం చేసి, మంచి పిల్లననిపించుకుని తిరిగి రావచ్చు. గడప మీదే నిలబడ్డాను.

"ఆ బోర్డు పెట్టింది నేనండి. ఆలోచన కూడా నాదే. మా అత్తగారికి తెలియదు, ఆవిడ గరాజులోంచి అడక్కుండా తీసుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను."

"ఉంటే పెట్టేదానివి కాదా?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

నేను గడప మీంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఫోటోలో అమ్మాయివి నువ్వేనన్నమాట. మా చెల్లెలు ఇందాకే పంపింది, మూడు రాష్ట్రాల అవతల్నుంచి." నా ముఖం కాసేపు చూసింది. "నవ్వు లేకపోయేసరికి గుర్తుపట్టలేదు. అందులో ఎంత సంతోషంగా ఉన్నావో! మా ఆయనంటే నీకు అంత కోపమేమిటని అనుకున్నాను. కోపమేమీ లేదు కదూ?"

"లేదండి. ఆయనెవరో కూడా నాకు తెలియదు."

"అదే అనుకున్నాను."

"పళ్ళాలు విప్పనివ్వండి. అన్నీ విప్పి, కడిగి పెట్టి వెళ్తాను."

"వద్దమ్మా." గొంతు మెత్తగానే ఉంది. "సగం కాగితాల్లోనే ఉంచేస్తాను. ఎప్పుడూ సగం ఉంచేదాన్ని. ఈసారే ఆశపడి అన్నీ విప్పాను." తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకుంది.

బోర్డు తీసుకున్నాను. టకర్ బండి దిగి ఎదురొచ్చాడు. "ఇటివ్వు, వెనక పడేస్తాను."

"నడిచి వెళ్తాను."

"మైలుంటుందే!"

"టకర్, నువ్వు 'నేనే' అన్నప్పుడు నేను నోరెత్తలేదు."

"చూశాను," అన్నాడు. ఇంకేమీ అనలేదు. అందుకే అతన్ని పెళ్ళి చేసుకున్నాను. అందుకే అతని ముఖం చూడలేకపోయాను. అతను బండిని నడక వేగంతో నా వెనకే తోలుకుంటూ వచ్చాడు.

బోర్డు బరువు తక్కువే, కానీ వెడల్పు ఎక్కువ. అత్తగారి పేరున్న వైపు గుండెకి ఆనించి పట్టుకున్నాను. సగం ఊడిన ఆకుపచ్చ టేపు నా కోటుకి అంటుకుంది. చర్చిలో రెండో ప్రార్థన అప్పుడే ముగిసింది. వీధి నిండా కార్లు. మొదటి కారు హారన్ కొట్టింది. రెండోది కొట్టింది. తర్వాత వరసగా కొడుతూనే ఉన్నారు. కిటికీల్లోంచి శభాష్ అన్నట్టు పైకెత్తిన బొటనవేళ్ళు, కంచరగాడిద టోపీలు. అందరూ ఫోటో చూసినవాళ్ళే.

ఒక ముసలాయన కారు ఆపి, అద్దం దించి, టోపీ తీసి నాకు నమస్కరించాడు. "శభాష్ అమ్మాయ్! మళ్ళీ ఎక్కడ పాతబోతున్నావు?"

"ఎక్కడా కాదండి. అది తప్పు. లోపల ఆవిడ ఒక్కతే ఉంది. భయపడి ఏడ్చింది."

ఆయన పక్కనున్న భార్య వైపు తిరిగాడు. ఇద్దరూ ఒక్కసారే పగలబడి నవ్వారు.

"ఏడ్చిందట!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత బాగా చెప్తావే నువ్వు!"