పుట్టువెంట్రుకల కబురు

పుస్తకం చేతికొస్తే కోడలికి లోకం మునిగినా పట్టదని భీమరాజు గారి ఫిర్యాదు. ఆ ఇంట్లో కూర మాడిందంటే నేరం నవలదే. కానీ ఈసారి సూర్యకళ చదువుతున్నది కాలక్షేపానికి కాదు. తన భర్త చిక్కుకున్న యుద్ధం మీదే ఎవరో ఏళ్ల తరబడి ఆరా తీసి రాసిన గూఢచారి నవల అది. రామచంద్రపురం లైబ్రరీలో కనబడగానే తెచ్చేసుకుంది.

రెండు పంటలు వరసగా నీట మునిగాక, హోటల్లో వంటపని అని ఏజెంటు చెబితే నమ్మి సత్యప్రసాద్ ఆ చలిదేశం వెళ్లాడు. తీరా దిగాక చేతిలో తుపాకీ పెట్టారు. మొదట్లో ఫోనులో గొంతు వినబడేది. ఇప్పుడు మెసేజులే. ‘బాగున్నాను. కాల్ చేయనివ్వరు. కంగారు పడకు.’

నవలలోని కందకాల బురద, ఆరని బూట్లు, గడ్డకట్టిన రొట్టె, అన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి. అన్ని నిజాలు రాసినవాడు తరువాతి పేజీలో మాత్రం అబద్ధం రాస్తాడా? ఆ పేజీలో, చనిపోయినవాళ్ల ఫోన్లు ఏజెంటు మనుషుల దగ్గర ఉంటాయి. ఇంటివాళ్లు గోల చేయకుండా వాళ్లే జవాబులిస్తుంటారు. అది పసిగట్టడానికి గూఢచారి ఒక అబద్ధం పంపుతాడు. అసలు మనిషైతే మండిపడాల్సిన అబద్ధం.

సూర్యకళ అలాంటిదాని కోసం వెతుక్కోనక్కర్లేదు. కూతురు చిన్ని పుట్టువెంట్రుకలు ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నాడు సత్యప్రసాద్. “నేనొచ్చేలోగా పిల్ల తలమీద కత్తెర పడిందో, నిన్నూ మీ అన్నయ్యనీ కలిపి గోదాట్లో ముంచేస్తా” అని బెదిరించి మరీ విమానమెక్కాడు. మహా కోపిష్ఠి.

‘ఏవండీ, చిన్నికి పుట్టువెంట్రుకలు తీయించేశాం. మా అన్నయ్యే కత్తెర వేశాడు’ అని పంపింది.

“సరదాకి ఇలా పెట్టానండి” అని మామగారికి చెబితే ఆయన బెంబేలెత్తిపోయారు.

“అంత మాటెందుకు పెట్టావమ్మా? వాడసలే శివాలెత్తిపోతాడు!”

అతను తిట్టాలనే ఆమె కోరిక. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాలి, పుట్టింటివాళ్లను కూడా కలిపి తిట్టాలి. గదిలో కూర్చుని, ఫోను వంక చూస్తూ దేవుణ్ణి అదే అడిగింది.

ఫోను టింగుమంది.

‘మంచి పని చేశారు. చాలా సంతోషం. నేను బాగున్నాను.’

సూర్యకళ ఆ మెసేజు మళ్లీ చదివింది. ఎన్నాళ్లుగా, ఎవడితో తన గోడంతా చెప్పుకుంటోంది? చిన్ని వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది. కళ్లమీద పడుతున్న ఆ జుట్టును వెనక్కి తోసింది.

“ఏమన్నాడమ్మాయ్?” వసారాలోంచి కేకేశారు భీమరాజు గారు. ఆ కేకలో వణుకు ఆమెకు స్పష్టంగా వినబడింది.

“చెడామడా తిట్టారండి మావయ్యగారండి. మా అన్నయ్య చేతులు విరిచేస్తారంట” అంది.

“అదీ! మావాడే!” ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చారు. “నీకు చెప్పలేదు గానీ, వాడి మెసేజులు చదివినప్పుడల్లా గుండెల్లో ఏదో గుబులుగా ఉండేదమ్మా. అన్నం పెట్టు, ఇవాళ ఆకలేస్తోంది.”