గద్ద రెక్క మీది గీత

డ్రాగిచ్ సారా కొట్లోని పొడుగాటి బల్ల మర్నాడు పొద్దున్నే సియాటిల్ వెళ్ళిపోతోంది. మోంటానా గనుల్లో తవ్వినవాళ్ళ మోచేతులన్నీ ఆనిన బల్ల అది. దాని నిండా పాత వెండి డాలర్లు పొదిగి, పైన గాజులా వార్నిష్ పోశారు. కొన్నవాడు మంచివాడే. "లెంపి తండ్రి పెట్టిన డాలర్ ఏదో తేల్చుకుంటే, ఆ ఒక్కటీ తీసుకోమనండి" అన్నాడు. ఆ తేల్చుకోవడమే కదా తంటా!

లెంపి హౌకలా తండ్రిని చూడలేదు. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే గనిలో నిప్పంటుకుంది. మంట ఆర్పే మిషతో ఆ అంతస్తుని మనుషులతో సహా మూసేశారు. ఆ పాపిష్టి పనికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయనకి సమాధి లేదు, ఫొటో లేదు. అంతకు నాలుగు రోజుల ముందు, జీతాల రోజున, కొత్తగా చేయించిన ఈ బల్లలో ఒక డాలర్ పెట్టి, మరొకటి భార్య చేతిలో పెట్టి, "దీని కవల సారా కొట్లో ఉంది" అన్నాడట. ఆ తల్లి పస్తులున్న రోజుల్లో కూడా ఆ డాలర్ మార్చలేదు. ఇప్పుడది డెబ్బై దాటిన లెంపి గుప్పిట్లో ఉంది. తండ్రి చెయ్యి తగిలిన రెండో వస్తువుని కూడా ఒక్కసారి పట్టుకోవాలని ఆవిడ కోరిక.

అందుకే ఆర్వల్ ట్రెథ్యూయీని పిలిపించింది. బళ్ళో బ్యాండు నేర్పి రిటైరైన ఆర్వల్‌కి పాత డాలర్లంటే పిచ్చి.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదయ్యా" అంది లెంపి.

"నీ కళ్ళకి. నాణేలు కొట్టగా కొట్టగా టంకశాలలో అచ్చు బీటలిస్తుంది. ఆ బీట నాణెం మీద గీతగా లేస్తుంది. ఏ అచ్చు బీట దానిదే. ఇదిగో, బొరుసు మీది ఈ గద్ద రెక్క కొస నుంచి పై అక్షరం దాకా చూడు."

"ఏమీ లేదక్కడ."

"దీపం ఎదురుగా పెడితే అంతా మెరుపే. పక్కకి వంచు."

వంచింది. వెంట్రుకంత గీత లేచి నిలబడింది. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్న నాణెం మీద ఇన్నాళ్ళూ తను చూడనిది ఉందని లెంపి దాన్ని మళ్ళీ మళ్ళీ వంచి చూసుకుంది.

గీత గద్ద వైపునే ఉన్నా, ఆర్వల్ మాత్రం డాలర్ ఎవరైనా బొమ్మ పైకే పెడతారని ఆ వైపు నుంచే మొదలెట్టాడు. తల్లి డాలర్ మీద దేవత మొహం కింద, ఏడాది చివరి అంకె రెండుసార్లు అచ్చయి జంటగా పడింది. అలాంటి జంట కోసం భూతద్దంతో బల్ల మీద పడి పాకాడు.

"ఈ బల్ల మీద తాగకుండా ఇంతసేపు పడుకున్నవాడివి నువ్వే" అన్నాడు కొట్టు యజమాని డ్రాగిచ్.

మధ్యాహ్నం దాటింది. లెంపి తెచ్చిన, మాంసం కూరిన పాస్టీలు చల్లారిపోయాయి. ఆర్వల్ కళ్ళజోడు తీసేశాడు.

"లేదు లెంపీ."

"అయితే మా అమ్మ కల్పించి చెప్పిందా?" అంది లెంపి.

డ్రాగిచ్‌కి అది వినబుద్ధి కాలేదు. "కిటికీ వైపు బొరుసు పైకున్నవి చూశావా? మా తాత చెప్పేవాడు. మొదట్లో గనివాళ్ళు డాలర్ని బోర్లా పెట్టేవారట. ఆడమొహం చూసి గనిలోకి దిగకూడదని."

"ఈ ముక్క పొద్దున చెప్పి ఏడవచ్చుగా" అని విసుక్కుంటూ ఆర్వల్ దీపం లాక్కున్నాడు.

మొదటి గద్ద మీదే గీత ఉంది. రెక్క కొస నుంచి అక్షరం దాకా, అదే. డ్రాగిచ్ ఉలి తీశాడు. 

"ఆగు" అన్నాడు ఆర్వల్. పక్కదాని మీదకి దీపం జరిపాడు. దాని మీదా అదే గీత. ఆ పక్కదాని మీదా అదే. కిటికీ వైపు బల్ల అంచు పొడుగునా, మనుషులు వరసగా నిలబడి పెట్టినట్టు, ప్రతి గద్ద రెక్క మీదా అదే బీట ఉంది. 

"టంకశాల నుంచి వచ్చిన ఒకే సంచిలోంచి జీతాలిచ్చారు, లెంపీ. షిఫ్టు షిఫ్టంతా తిన్నగా ఇక్కడికే వచ్చింది. మీ నాన్నది ఏదో నేను చెప్పలేను. ఇవన్నీ వాళ్ళవే."

అంటే, మూసేసిన ఆ అంతస్తులో ఆయన పక్కన ఉన్నవాళ్ళవి.  ఎప్పుడో ఒక అచ్చు బీటలిచ్చి, పేర్లు కూడా మిగలని మనుషుల్ని ఇలా వరసలో నిలబెట్టింది.  కవల ఒకటే ఉంటుందనుకుని వచ్చింది ఆవిడ.

"ఏది తియ్యమంటావు?" అన్నాడు డ్రాగిచ్, ఉలి పట్టుకుని.

లెంపి అంచు వెంబడి నడుస్తూ, వార్నిష్ మీంచి ఒక్కొక్క గద్ద మీదా అరచెయ్యి ఆనించింది. ఒక్కటీ వదలలేదు. ఏది నాన్నదైనా, దాని మీద కూతురి చెయ్యి పడాలి.

"ఏదీ వద్దు. నాన్నని వాళ్ళలోంచి ఎలా తియ్యను?"

"రేపు సియాటిల్ వెళ్ళిపోతుంది మరి."

"వెళ్ళనీ. అక్కడ సముద్రం ఉందటగా, చూడనీ. వాళ్ళు చీకట్లో చాలా కాలం ఉన్నారు."