పాస్‌పోర్టులో జడ

"అయిదు దినాలకి సరిపడా దోసెపిండి రుబ్బి పెట్టిపో. పొద్దున్నే దోసె ల్యాకపోతే నీ మొగుడికి దినం గడవదు," అని అత్త చంద్రకాంతమ్మ అన్నప్పుడు వసంతమ్మకి కోపం రాలేదు. పిండితో పోతోంది కదా అనుకుంది. గ్రైండరు ముందు కూర్చుని పిండి తోస్తూ, బ్యాంకాక్‌లో నలభై దాటిన ఆడవాళ్ళకి పెట్టిన అయిదు కిలోమీటర్ల పరుగు గురించే ఆలోచించుకుంటోంది. తిరుపతిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరు ఆమె. టీచరన్నది పేరుకే, గంట కొట్టేదీ, పెద్దసార్లు తనిఖీకి వస్తే టీలు అందించేదీ ఆమే. పద్దెనిమిదేళ్ళుగా కోడికన్నా ముందు లేచి, ఇంటిపని సగం ముగించి, అలిపిరి దాకా పరిగెత్తి వచ్చి, మిగతా సగం ముగిస్తోంది. రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది, దేశంలో రెండోది వచ్చింది. ఇంట్లో మాత్రం "పొద్దున్నే యాడికో పోయొస్తాది" అనే అంటారు.

"ఇంగోటి," అంది అత్త. "ధనంజయకి ప్రమోషనొస్తే నీ తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకోనుండా. వచ్చి ఆర్నెల్లాయ. మొక్కు తీర్సకుండా సముద్రం దాటితే స్వామి సూస్తా ఊరుకుంటాడామ్మే?"

"ప్రమోషన్ ఆయనకి గదత్తా. తల నాదా?"

"మగోడు గుండుతో ఆఫీసులో ఎట్లా కూసుంటాడు? నీకేముండాది, పిల్లకాయల్తో ఎగిరేదే గదా!"

మొగుడు ధనంజయ పేపరు మడిచి పెట్టాడు. "అమ్మ మాట కాదనొద్దు. కొండకి పోయొస్తేనే విమానం," అన్నాడు. తిరుపతిలో గుండు చూసి నవ్వేవాడు ఎవడయ్యా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే గొడవ, గొడవైతే ప్రయాణం ఆగిపోతుంది. నోరు మూసుకుంది. జట్టు వాళ్ళందరూ బుధవారం మద్రాసులో విమానం ఎక్కుతున్న వేళకి ఆమె కల్యాణకట్టలో తల వంచుకుని కూర్చుని ఉంది. నడుము దాటిన జడ. చిన్నప్పుడు వాళ్ళ నాయన కుంకుడుకాయ నురుగుతో రుద్ది పెంచిన జుట్టు. ఒళ్ళో పడుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుంది.

గురువారం ఒక్కతే బయల్దేరింది. తిరుపతి బస్సుల్లో సగం మంది గుండ్లే కదా, అందుకని ఇంట్లోగానీ స్కూల్లోగానీ ఒక్కరికంటే ఒక్కరికి పాస్‌పోర్టు ఫోటో గుర్తుకు రాలేదు. ఆమెకీ రాలేదు. మద్రాసు ఆఫీసరైతే "తిరుపతి మొట్టైయా?" అని గుండుకేసి చూసి నవ్వి ముద్ర కొట్టేశాడు.

బ్యాంకాక్‌లో ఎవరూ నవ్వలేదు. కౌంటర్లో అమ్మాయి ఫోటో చూసింది, ముఖం చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. అందులో ఉన్నది జడ ముందుకేసుకుని కనకాంబరాలు పెట్టుకున్న మనిషి. ఎదురుగా ఉన్నది చెవి వెనక ఇంకా గంధం అంటుకున్న గుండు. తీసుకెళ్ళి ఓ గదిలో కూర్చోబెట్టారు. పెద్ద ఆఫీసరొకడు వచ్చాడు. "హెయిర్... గాడ్... గివ్," అంది వసంతమ్మ. పదిసార్లు అదే అంది. వాళ్ళలో వాళ్ళు రాగం తీసినట్టు మాట్లాడుకుంటున్నారు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గడియారంలో రెండైంది, మూడైంది. ఆఫీసరు కాగితం మీద విమానం గీసి, వెనక్కి బాణం గుర్తు వేసి, ఆరు అని రాసి చూపించాడు. రేపు పొద్దున ఏడింటికి పరుగు. ఈసారి పరిగెత్తకుండా తిరిగిపోతే ఇంక జన్మలో ఇంటి గడప దాటనివ్వరని ఆమెకి తెలుసు. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది.

జాలేసిందేమో, ఫోను ముందుకు తోశారు. ధనంజయ ఆఫీసు నెంబరు రాసిచ్చింది.

"మీరు ఇంగ్లీషులో ఒక్క మాట సెప్పండి. తిరుమలలో గుండు కొట్టించుకునిందని సెప్పండి, సాలు."

 అవతల అతను గొంతు తగ్గించి, "ఈడ నలుగురుండారు. నీ గుండు సంగతి వీళ్ళ ముందర యాడ సెప్పేది? నవ్విపోతారు. ఈ పరుగులేం వొద్దని నేను ముందే అన్యా. పంపిస్తే వచ్చెయ్," అని పెట్టేశాడు.

రిసీవరు చేతిలోనే ఉండిపోయింది. తల ఇవ్వడానికి పనికొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గైపోయింది! ఒళ్ళంతా మంటెత్తింది. స్వామీ, ఈ గదిలోంచి బయట పడెయ్యి అని కళ్ళు మూసుకుని ఓ మొక్కు మొక్కుకుంది. పెళ్ళయ్యాక ఆమె తనంతట తాను మొక్కుకోవడం అదే మొదలు.

కళ్ళు తెరిచేసరికి, గది తుడిచే ఆవిడ నేల మీద మోకాళ్ళేసుకుని, రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తి దణ్ణం పెడుతోంది. గుండు చూసి సన్యాసిని అనుకున్నట్టుంది. ముందు ఒక నీళ్ళ సీసా పెట్టింది. అమ్మా, నాకు మొగుడున్నాడు, అత్తుంది, రుబ్బి పెట్టొచ్చిన పిండి ఉంది, నాకు దణ్ణమేమిటని చెప్పాలనుకుంది. ఏ భాషలో చెబుతుంది? ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆమె చేతికి గ్లాసుడు నీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. ఏడుస్తూనే రెండు చేతులూ చాచింది. ట్రాక్‌సూటు చెయ్యి పైకి జారి ఎడమ మణికట్టు బయటపడింది.

అక్కడ అరచేతి వెడల్పున కాలిన మచ్చ. పెళ్ళయిన కొత్తలో ధనంజయ స్నేహితులకి బజ్జీలు వేస్తుంటే కాగిన నూనె పడింది. ఆరోజు ఇంట్లో అందరూ అన్నది బజ్జీలు మాడిపోయాయనే. పాస్‌పోర్టు ఏజెంటు గుర్తింపు మచ్చలు అడిగితే ఇదే రాయించింది!

ఎగిరి లేచింది. ఆఫీసరు చేతిలోంచి పాస్‌పోర్టు లాక్కున్నంత పని చేసి, పేజీ తిప్పి, ఆ గీత మీద వేలు పెట్టి, మణికట్టు అతని ముక్కు కింద పెట్టింది. అతను చదివాడు, చూశాడు, ఇంకొకర్ని పిలిచి చూపించాడు. అయిదుంపావుకి ముద్ర పడింది.

"హస్బెండ్? టెల్?" అంటూ ఆఫీసరు మళ్ళీ ఫోను తోశాడు.

"వదిలినారు. రేపు పొద్దున పరిగెత్తతా," అంది ధనంజయతో.

"ఎట్లా వదిలినారు?"

"స్వామికి మొక్కుకున్యా."

"సూసినావా, అమ్మ సెప్పలా? మంచిపని సేసినావు. ఏం మొక్కుకున్యావు?"

వసంతమ్మ నున్నటి తల మీద అరచెయ్యి వేసి నిమురుకుంది.

"నేనొచ్చేటప్పటికి ఒకరోజు సెలవు రాసి పెట్టుకోండి," అంది. "మీ తలనీలాలు."