ఎర్రగీతకి ఇవతల

నీలం గుడ్డ. దాని వెనక గాలి. లోపలికి... బయటికి...

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె ఆ గుడ్డ వెనకే బతికింది.

ఆపరేషన్ థియేటర్‌లో పెద్ద సిస్టర్ ఆమె. సర్జన్ నోరు తెరవకముందే కత్తెర ఆయన చేతిలో ఉండేది. కనుబొమ ముడిపడితే చిరాకని తెలిసేది. రెప్ప ఆగితే భయమని పసిగట్టేది. అందరూ 'కళ్ళ డాక్టరు' అని ఆటపట్టించేవారు. ఆమె కాదనేది కాదు. ఉన్న మాటే కదా!

కానీ రోగికి ఆ చదువు రాదు. పడుకుని పైకి చూస్తే అన్నీ కళ్ళే. ఎవరివో తెలియని కళ్ళు.

అందుకే థియేటర్ గుమ్మంలో, నేల మీది ఎర్రగీత దగ్గర — అది దాటితే మాస్కు తప్పనిసరి — ఆమె ఒక్క నిమిషం ఆగేది. స్ట్రెచర్ మీదికి వంగి, నవ్వి, తన ముఖం చూపించేది.

"ఇదిగో, ఇదీ నేను. లోపల గుడ్డ వెనక ఉండేది ఈ మొహమే. గుర్తుపెట్టుకో."

ఆలస్యమవుతోందని ఎందరు సణిగినా ఆ నిమిషాన్ని మాత్రం వదులుకోలేదు.

ఇవాళ ఆ స్ట్రెచర్ మీద ఆమే ఉంది.

కడుపులో గడ్డ. ఎలాంటిదో కోసి చూస్తేగానీ తెలియదు. లోపల కత్తెరలు అందించే నర్సు — ఆమె కూతురు. సర్జన్ వద్దంటున్నా, "నా కేసులో అదే ఉండాలి" అని పట్టుబట్టింది తనే.

ఎర్రగీత వచ్చింది. అవతల కూతురు. కడిగిన చేతులు పైకెత్తి, మాస్కు కట్టుకుని, సిద్ధంగా.

ఆమె ఆ కళ్ళలోకి చూసింది.

ఏమీ లేదు.

కనుబొమ కదలలేదు. రెప్ప ఆగలేదు. ఊరందరి కళ్ళూ చదివిన మనిషి, తను కన్నపిల్ల కళ్ళు చదవలేకపోయింది! దీనికేమైనా ముందే తెలిసిందా? నా దగ్గర దాస్తోందా?

గుడ్డ మాత్రం కదులుతోంది... లోపలికి... బయటికి...

స్ట్రెచర్ చక్రం గీత మీదికి ఎక్కింది.

"ఆగండి," అంది కూతురు.

ఎత్తిన చేతులు దించి, గీత దాటి ఇవతలికి వచ్చింది. మాస్కు విప్పేసింది.

"అదేంటమ్మా, మళ్ళీ కడుక్కోవాలిగా!" అన్నాడు మత్తు డాక్టరు.

"కడుక్కుంటా సార్. ఒక్క నిమిషం."

పెదవులు వణుకుతున్నాయి. ముక్కు కొస ఎర్రబడింది. నవ్వబోయింది, కుదరలేదు. దాచుకోనూ లేదు.

"ఇదిగో అమ్మా... ఇదీ నేను. నాకూ ఏం తెలీదు. భయంగానే ఉంది. చెయ్యి మాత్రం వణకదు."

ఆమె ఆ చేతుల వైపు చూసింది. వణకడం లేదు.

ఇన్నేళ్ళూ తను అందరికీ నవ్వు ముఖమే చూపించింది. భయమేస్తే గుడ్డ వెనక దాచుకుంది. ఇది తనను మించిపోయింది... ఎంత ధైర్యం దీనికి! నా కడుపున పుట్టింది ఇది, అనుకుంటూ, ఆ గడ్డ ఉన్న కడుపు మీదే చెయ్యి వేసుకుని పొంగిపోయింది.

"వెళ్ళవే, వెళ్ళి చేతులు కడుక్కో. గోళ్ళ సందుల్లో సరిగ్గా రుద్దు," అంది, థియేటరంతా వినపడేలా.

పైన పెద్ద దీపం. చుట్టూ కళ్ళు. ఒక జత కళ్ళ కింద ఏముందో ఆమెకు తెలుసు.

మత్తు ఎక్కుతోంది. ఇంకా కనిపిస్తున్నది ఒక్కటే —

నీలం గుడ్డ. దాని వెనక గాలి. లోపలికి... బయటికి...