తోమిన ప్లగ్గులు

రేసుల దగ్గర ఆమెను అందరూ ప్లగ్గుల డాక్టరమ్మ అనేవాళ్లు. ఇంజిన్లోంచి స్పార్క్ ప్లగ్గు విప్పి, వెలుతురుకు పట్టి, దాని తెల్లటి పింగాణీకి అంటిన రంగును బట్టి లోపలి సంగతంతా చెప్పేసేది. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. లేత గోధుమ రంగైతే క్షేమం. వెండి చుక్కలు కనిపిస్తే మాత్రం ఆ రోజుకు బండి కదలకూడదు. అవి వేడికి పిస్టన్ కరిగి రాలిన రేణువులు. ఆమె చేతికి ఎంత పేరుందో నోటికి అంతకంటే ఎక్కువే ఉంది.

బండి నడిపేది ఆమె మొగుడే. టర్బో బండి కదా, గాలిని బలవంతంగా ఇంజిన్లోకి కుక్కి లోపల వేడి పెంచుతుంది. దానికి వేడిని త్వరగా వదిలేసే చల్ల ప్లగ్గులే సరి. కాకపోతే నెమ్మదిగా నడిపినప్పుడు వాటికి మసి పట్టి ఇంజిన్ దగ్గుతుంది. వేడిని పట్టి ఉంచే వేడి ప్లగ్గులు ఆ మసిని కాల్చేస్తాయి, కానీ పిస్టన్ కరిగే ముప్పుంది.

"వరసలో నిలబడేసరికి గునుస్తోంది. ఈసారి కాస్త వేడి ప్లగ్గులు వెయ్యి," అన్నాడతను, ప్రాక్టీసు ముగించుకొచ్చి హెల్మెట్ తీస్తూ.

"వేసేస్తే బానే లాగుతుంది. ఇంజిన్ మిగలాలిగా? పాతవి చూశాక చెప్తా."

"చూడు తల్లీ చూడు. నా జాతకం కూడా అందులోనే ఉందేమో!" నవ్వుకుంటూ మంచినీళ్లకు వెళ్లాడు.

ఆమె టైర్ల పని చూసుకుని వచ్చేసరికి మరిది నాలుగు ప్లగ్గులూ విప్పి, వైరు బ్రష్షుతో తోమి, గుడ్డ మీద పేర్చి పెట్టాడు. తళతళలాడుతున్నాయి. అతను వ్యాను నడుపుకునే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. రేసులప్పుడు అన్నకు సాయంగా వస్తాడు. పనిముట్లన్నీ జిడ్డు చేశావని పొద్దున్నే వదిన అతన్ని పదిమందిలో కడిగిపారేసింది. ఆ మాట పోగొట్టుకోవాలని అతని తాపత్రయం.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "తోమేశావా? నీకు బుర్రుందా అసలు? తోమకముందు ఏ రంగులో ఉన్నాయి?"

వదినకు నచ్చే రంగేదో మరిదికి తెలుసు.

"గోధుమ రంగే వదినా."

"నాలుగూనా?"

"నాలుగూ."

అలాంటప్పుడు బండిని మరో రెండు చుట్లు తిప్పించి, మళ్లీ విప్పి చూడాలి. తన పద్ధతి అది. కానీ మైకులో బండ్లను వరసలోకి పిలుస్తున్నారు. గోధుమ రంగంటే ఒక మెట్టు వేడి తట్టుకుంటుందిలే, ఆయన మాటా చెల్లుతుంది అనుకుంది. పెట్టె తెరిచి వేడి ప్లగ్గులు తీసి, తన చేత్తోనే బిగించింది.

బండి ఈసారి దగ్గలేదు. దూసుకుపోయింది. పొడవాటి దారి చివర పిస్టన్ చిల్లుపడి ఇంజిన్ పేలింది. కక్కిన ఆయిల్ మీదే చక్రాలు జారి, కారు గోడను గుద్దుకుని అంటుకుంది. మంటలు ఆర్పేసరికి అతను ప్రాణాలతో లేడు.

ఆసుపత్రి వరండాలో మరిది నేల మీద కూలబడ్డాడు. "వదినా, ఒకదాని మీద మెరుస్తూ సన్నటి చుక్కలున్నాయి. ఏదో పొడి అంటుకుందేమో అనుకుని రుద్దేశా. చెప్తే మళ్లీ తిడతావని..."

అతని పీక పట్టుకోవాలనిపించింది ఆమెకు. మరుక్షణం తన నాలుకే కోసేసుకోవాలనిపించింది. ఇంత ఎదిగిన మనిషి తన ముందు నిజం చెప్పడానికి వణికాడు. తానేమో కళ్లతో చూడకుండా, విన్న మాట మీద బిగించింది.

అంతలో అత్తగారు తూలుకుంటూ వచ్చింది. "ఏమైందే? ఎవరేం చేశారే నా కొడుకుని?"

మరిది లేచి నోరు తెరిచాడు. ఆమె అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ప్లగ్గులు నేనే మార్చాను అత్తయ్యా. చూడకుండా మార్చాను."

అత్తగారు ఆమెను చెంపల మీద, భుజాల మీద కొట్టింది. కొట్టి కొట్టి, ఓపిక లేక ఆమె మీదే వాలిపోయింది.

"అమ్మా, అది కాదు..." అన్నాడు మరిది.

"నువ్వు ఊరుకో," అంది ఆమె.