ఇంటి గన్‌మెన్

తనను చంపాలనుకునేవాళ్లు ఎవరూ లేరని పోలీసులు రాతపూర్వకంగా తెలియజేసిన రోజు రఘుపతి అన్నం తినలేదు.

ఓపెన్‌కాస్టు గనిలో టిప్పర్లు తిరిగే రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్లు అతనివి. ఆ కాంట్రాక్టు దొరికినప్పటి నుంచీ ఒంటి మీదికి తెల్ల బట్టలు, ఇంటి ముందుకు తెల్ల కారు, పేరు చివర 'అన్న' వచ్చి చేరాయి. గన్‌మెన్ ఒక్కడే తక్కువ. అది అడిగితే ఇచ్చేది కాదని తెలిశాక, పోనీ ఆత్మరక్షణకు ఒక తుపాకీ లైసెన్సయినా ఇమ్మని దరఖాస్తు పెట్టాడు. పోలీసులు వచ్చి ఊరంతా విచారించి, దరఖాస్తుదారుకు ఎవరి వల్లా ప్రాణహాని ఉన్నట్టు కనిపించడం లేదని జవాబు పంపారు.

"నా మీద ఎందరికి కడుపుమంట ఉన్నదో వాళ్లకేం ఎరుక?" అన్నాడు రఘుపతి, కంచం పక్కకు నెట్టి.

"దుమ్ము తడిపెటోన్ని ఎవడు సంపుతడురా?" అంది అతని తల్లి లింగవ్వ. "మీ నాయిన ఎల్లన్న బతికినన్ని దినాలు బొగ్గు బాయిల దిగిండు. పైబండ ఎప్పుడు కూలుతదో ఎరుకలేకుంట పనిచేసిండు. గాయినకేమన్న తుపాకి ఇచ్చిన్రా?"

రఘుపతి భార్య జమున కంచం తీసి మూత పెట్టింది. భర్తను చంపాలన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ రాకపోవచ్చు. ఇంట్లో అప్పుడప్పుడు వస్తుంటుంది. విచారణకు వచ్చినవాళ్లు ఆ సంగతి ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తుపాకీ యోగం ఆ ఇంట్లో మరొకరికి ఉంది. కూతురు సంతోషికి.

గోదావరిఖనిలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి రైఫిల్ పట్టుకుంది సంతోషి. పక్కవాళ్ల తుపాకీ పేలినప్పుడల్లా మిగతా పిల్లలు అదిరిపడుతుంటే ఈ పిల్ల కన్ను కూడా ఆర్పలేదట. "చప్పుడంటే భయం లేదేం మీ అమ్మాయికి?" అని హైదరాబాదు షూటింగ్ క్లబ్బు నుంచి వచ్చిన కోచ్ ఫోన్‌లో ఆశ్చర్యపోయాడు. కమాన్‌పూర్ రోడ్డులో, ఓపెన్‌కాస్టు వెనకవైపు ఇల్లు వాళ్లది. రోజూ మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అయితే అల్మారాలో స్టీలు గిన్నెలు వాటంతటవే వరస మారతాయి. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఆ మోతకే నిద్రపోయిన పిల్ల. జమున అదంతా చెప్పకుండా, "మా ఇంట్ల అందరి గొంతులూ పెద్దవే సార్" అని మాత్రం అంది.

అక్కణ్నుంచి సంతోషి ప్రతి శనివారం రామగుండంలో రైలెక్కి హైదరాబాదు క్లబ్బుకు వెళ్లడం, ఆదివారం రాత్రికి భుజం మీద ఎర్రటి అచ్చు వేసుకుని తిరిగి రావడం మొదలైంది. రాష్ట్రం తరఫున ఆడింది. జాతీయ పోటీల్లో కావలసిన స్కోరూ తెచ్చుకుంది. క్లబ్బులో ఉన్న మంచి రైఫిల్‌ను నలుగురైదుగురు పంచుకోవాలి. ఒకరి భుజానికి సరిపెట్టింది మరొకరికి సరిపడదు. సొంత రైఫిల్ ఉంటే తప్ప ఇంక పైకి పోలేవని కోచ్ తేల్చేశాడు. ఆటగాళ్ల కోటాలో లైసెన్సుకు పెట్టుకుంటే, ఈసారి వచ్చింది.

కూతురి పోటీ ఒక్కటీ చూడని రఘుపతి, లైసెన్సు వచ్చిన రోజు మాత్రం వీధి వీధంతా జిలేబీ పంచాడు. మరుసటి రోజు కారు తానే నడిపి తల్లీకూతుళ్లను హైదరాబాదులో తుపాకుల దుకాణానికి తీసుకెళ్లాడు.

దుకాణం చిన్నది. యజమాని మెల్లగా మాట్లాడే ముసలి హైదరాబాదీ. సంతోషి చెప్పిన రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోటీలకోసం చేసినది. ఒక్కో గుండు చేత్తో పెట్టి, బోల్టు మూసి కాల్చాలి. భుజానికి, చెంపకు ఆనే చోట్లు మనిషి కొలతకు జరుపుకునేటట్టు మరలు, మీటలు. సంతోషి దాన్ని ఎత్తి చెంప ఆనించింది. ఆ పిల్ల ముఖం అంత నెమ్మదిగా ఉండగా జమున ఎన్నడూ చూడలేదు.

"ఏందిది, దవాఖానల ఇచ్చే చంకకర్ర లెక్కున్నది" అన్నాడు రఘుపతి. గోడకున్న మరో రైఫిల్ వైపు వేలు చూపించాడు. "గది దించుండ్రి."

అది నల్లగా, సన్నగా, మిలమిలలాడుతూ ఉంది. సెమీ ఆటోమేటిక్. మ్యాగజైను పెడితే చాలు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, తర్వాతి గుండు దానంతటదే లోపలికొచ్చి కూర్చుంటుంది. రఘుపతి దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, మూలనున్న నిలువుటద్దం ముందుకు పోయి నిలబడ్డాడు.

"కొత్తగ కొనెటోళ్ల కోసమే పెట్టిన సాబ్ ఆ అద్దం" అన్నాడు ముసలాయన. "టార్గెట్ కంటే ముందు దాన్నే చూస్తరు."

"నాయినా, దాంతోటి పోటీలకు రానియ్యరు" అంది సంతోషి. "మా ఆటల ఒక్కొక్క గుండు చేత్తోటి పెట్టేదే ఉండాలె. అదంతట అదే ఎక్కేది పనికిరాదు."

"బిటియా చెప్పింది సహీ సాబ్. ఇది మ్యాచ్‌ది కాదు."

"మ్యాచ్ ఏడాదిల ఎన్ని దినాలు ఉంటది? మిగతా దినాలు?" అన్నాడు రఘుపతి అద్దంలోంచే. "చేత్తో పెట్టుడేంది, చీరకు పూసలు కుట్టినట్టు! ఒక్కటి పెట్టి, కాల్చి, మళ్ల ఒక్కటి పెట్టేలోపు ఎదుటోడు ఊకుంటడా?"

"ఎదుట కాగితం ఉంటది నాయినా."

ముసలాయన దగ్గినట్టు నవ్వాడు. రఘుపతి నవ్వలేదు.

"లైసెన్సు దాని పేరు మీద ఉన్నది. దానికి నచ్చింది తీసుకోనియ్యి" అంది జమున.

"పేరు దానిది. పైసలెవరివి?" అన్నాడు. "వచ్చే ఏడు దాని చంకకర్ర దానికి కొంట తియ్. ఫికర్ చెయ్యకుండ్రి."

సంతోషి బల్ల మీది రైఫిల్ బోల్టు మూసి, జాగ్రత్తగా ముసలాయన వైపు జరిపింది. నిద్రపోతున్న పిల్లను పక్కింటివాళ్లకు తిరిగి అప్పజెప్పినట్టు.

చిక్కు ఇంటికొచ్చాక తెలిసింది. లైసెన్సు ఎవరిదో వాళ్లే ఆయుధం మొయ్యాలి. రఘుపతి ఒక్కడే దాన్ని కారులో వేసుకుని పోతే నేరం. దానికి రఘుపతి కనిపెట్టిన ఉపాయం, తనెక్కడికి పోతే అక్కడికి కూతురూ రావడం. యూనియన్ ఆఫీసుకు, గృహప్రవేశాలకు, సెంటినరీ కాలనీలో రిటైరైనవాళ్ల సన్మానాలకు. నల్ల సంచిలో రైఫిల్ వేసుకుని సంతోషి అతని వెనకాల ఒక అడుగు దూరంలో నిలబడాలి.

"ఫంక్షన్లకు తీస్కపోవద్దు నాయినా. రూల్ ఉన్నది."

"సంచిల ఉంటది గదా. బయటికి తియ్యమన్ననా? నిలబడు, గంతే."

"రఘుపతన్నకు గన్‌మెన్ దొరికిండ్రో!" అని జనం నవ్వారు. రఘుపతి దాన్ని నవ్వులా తీసుకోలేదు, బిరుదులా తీసుకున్నాడు. ఒక పెళ్లిలో అన్నం వడ్డించే పూలమ్మ, "కూసో బిడ్డా, తిందువు" అంటే, "డ్యూటీల ఉన్నది, తర్వాత తింటది" అన్నాడట. ఆ రాత్రి సంతోషి ఇంటికొచ్చి చారన్నం తింటుంటే లింగవ్వ పక్కన కూర్చుంది.

"మీ తాత షిఫ్టుకు పోతే పొట్టకూటికి పోయిండు. నువ్వేం షిఫ్టే ఇది?"

"ఓవర్‌టైం అవ్వా" అంది సంతోషి.

అంతలో క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. సొంత రైఫిల్ వచ్చింది కదా, క్లబ్బు రైఫిల్ మీద నీ వంతు వేరే అమ్మాయికి ఇచ్చామని. వాళ్ల తప్పేమీ లేదు, లైసెన్సు మీద రైఫిల్ ఎక్కింది, అది ఎలాంటి రైఫిలో వాళ్లు చూడలేదు. సంతోషి సంజాయిషీ చెప్పుకోవచ్చు. కానీ మా నాన్న తన ఫొటో కోసం కొన్నాడని కోచ్‌తో ఎలా చెబుతుంది? "సరే సార్" అని పెట్టేసింది. రాష్ట్ర పోటీలు జరిగిన రోజున సంతోషి ఒక బోరుబావి ప్రారంభోత్సవంలో నిలబడి ఉంది.

ఫొటో సంగతి నిజమే. రఘుపతి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫొటో కావాలని ఇంటి మేడ మీద తీయించాడు. రైఫిల్ సంతోషి పట్టుకోవాలి, అతను పక్కనుండి చెయ్యి వెయ్యాలి. అదీ ఒప్పందం. తీసే సమయానికి అతను దాన్ని తనవైపు గుంజుకున్నాడు. ఫ్లెక్సీవాడు సంతోషి ముఖం కత్తిరించి పారేశాడు గాని, మోచేయి మాత్రం తియ్యలేకపోయాడు. దాన్ని తీస్తే తుపాకీ కూడా పోతుంది. అలా చౌరస్తాలో రఘుపతి రైఫిల్‌తో నవ్వుతుంటాడు, అతని పక్కటెముకల్లోంచి మొలిచినట్టు ఎవరిదో ఒక మోచేయి.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. రఘుపతి సర్పంచికి నామినేషన్ వేశాడు. లైసెన్సు తుపాకులన్నీ ఎన్నికలయ్యేదాకా ఠాణాలో అప్పజెప్పాలని ఉత్తర్వు వచ్చింది. ఆటగాళ్లకు మినహాయింపు ఉంటుందని అతనికి ఎవరో చెప్పారు. కోచ్‌కు తానే ఫోను చేసి, సంతోషి క్రీడాకారిణి అని రైఫిల్ సంఘం లెటర్ తెప్పించి జమున చేతిలో పెట్టాడు.

"ఠాణాల ఇది చూపించి, రైఫిల్ వాపస్ పట్కరాండ్రి. రేపటి నుంచి ప్రచారం. జల్ది రావాలె."

జమున ఆ లెటర్‌ను భద్రంగా మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టి, కూతురితో బయల్దేరింది. ఆమె లెక్క చిన్నది. లెటర్ మర్చిపోయామంటే రైఫిల్ ఠాణాలో ఉంటుంది. ఎన్నికలయ్యేదాకా పిల్ల హాయిగా శనివారం రైలెక్కి పోయి, కోచ్‌ను బతిమాలుకుని, క్లబ్బు రైఫిల్‌తో మళ్లీ ఆటలో పడుతుంది. తర్వాతి సంగతి తర్వాత.

ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ పోశం లైసెన్సు తిరగేసి చూశాడు.

"ఆటగాళ్ల లైసెన్సు గదా బిడ్డా. నువ్వు జమ చేసే పనిలేదు. సంఘం లెటర్ తెచ్చినవా?"

"ఇంట్ల మర్చిపోయినం సార్" అంది జమున.

"గంతేనా? పోయి పట్కరాండ్రి. సాయంత్రం దాక ఈడ్నే ఉంట."

పోలీసులు ఇంత మర్యాదగా ఉంటారని జమున లెక్కలో వేసుకోలేదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే సంతోషి నోరు తెరిచింది.

"లెటర్ అవసరం లేదు సార్. నేను ఆడ్తలేను."

"ఇప్పుడు మ్యాచుల్లేవా?"

"మ్యాచులున్నయి. నేనే ఆడ్తలేను. బంద్ చేసిన. గట్లనే రాసుకోండ్రి."

పోశం కలం కింద పెట్టాడు. "ఆడనోళ్లకు ఈ లైసెన్సు ఉండది బిడ్డా. గట్ల రాసిస్తే ఎన్నికలైనంక కూడ ఇది వాపస్ రాదు. మళ్ల ఎప్పుడన్న కావాలంటే మొదటి నుంచి మొదలువెట్టాలె. మళ్ల ఇస్తరని కూడ లేదు. సోంచాయించినవా?"

"సోంచాయించే వచ్చిన సార్."

ఆయన జమున వైపు చూశాడు. పెద్దదానివి, నువ్వైనా చెప్పు అన్నట్టు. వద్దు సార్, పిల్ల ఏదో కోపంలో అంటోంది, లెటర్ బియ్యం డబ్బాలో ఉంది, ఇప్పుడే తెస్తా అనే మాట జమున నాలుక చివరిదాకా వచ్చింది. తను చిన్న అబద్ధం ఒకటి మూటగట్టుకుని వచ్చింది. పిల్ల తెచ్చింది మొత్తం ఆటను. శనివారాల రైళ్లు, భుజం మీది అచ్చులు, కాగితం నడిమధ్య పడ్డ చిల్లులు, అన్నీ. గన్‌మెన్ కొలువు పోవాలంటే ఆట పోవాలి, రెండూ ఒకే లైసెన్సు మీద ఉన్నాయి. ఆ సంగతి తనకంటే ముందు ఈ పిల్లకు తెలిసింది. ఎన్ని ఫంక్షన్లలో నిలబడి ఆలోచించుకుందో!

"లైసెన్సు దాని పేరు మీద ఉన్నది సార్" అంది జమున. "అది చెప్పిందే రాయుండ్రి."

ఈ మాటను ఈసారి విన్నారు. పోశం రాసుకున్నాడు. సంతోషి సంచి జిప్పు తీసి, మ్యాగజైను విడదీసి, లోపల గుండు లేదని తాను చూసి, ఆయనకు చూపించి, గొట్టం మూతి గోడవైపు ఉంచి బల్ల మీద పెట్టింది. ఎవరూ అడగకపోయినా అంతా పద్ధతిగా చేసింది.

బయటికొచ్చి ఆటో ఎక్కారు. జమున ఫోను మోగుతూనే ఉంది. పేరు చూసి సంచిలో వేసుకుంది. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. కేకలుంటాయి, కంచం ఎగురుతుంది. "రేపు నా ఎన్క ఎవరు నిలబడ్తరు?" అంటాడు. ఆడపిల్ల ఆట ఏమైందని మాత్రం అడగడు.

"క్లబ్బుకైనా పోవచ్చు గదనే. వాళ్ల రైఫిల్..." అంది.

"ఆడ్తలేనని రాసిచ్చిన గదమ్మా."

చౌరస్తాలో టిప్పర్లు అడ్డమొచ్చి ఆటో ఆగింది. ఎదురుగా ఫ్లెక్సీ. దుమ్ము పట్టి రఘుపతి తెల్ల చొక్కా బూడిద రంగుకు వచ్చింది. సంతోషి తల బయటికి పెట్టి దాన్ని చూసింది. కన్ను కొంచెం చికిలించి, లక్ష్యాన్ని చూసినట్టే చూసింది.

"మోచెయ్యి ఎట్ల లేచిపోయిందో చూడమ్మా. గట్ల ఉండొద్దు, నడుముకు ఆనాలె" అంది. "నేను సరిగ్గనే పెట్టిన. నాయిన గుంజిండు."