ఎడమ పక్క అర ఇంచీ

కూతురు వాణి స్కేలు తన బ్యాగులోనే ఉంది, ఇవాళ దానికి లెక్కల క్లాసు, పొద్దున ఇల్లంతా వెతుక్కుని చివరికి బళ్లో తిట్లు తిని ఉంటుంది, ఆరో తరగతి పిల్ల స్కేలు అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి మూతి బయటపెట్టుకుని కుప్పం నుంచి బస్సులో పోతోందని దానికేం తెలుసు, తెలిస్తే యాల మా, నా స్కేలు నీకెందుకు అంటుంది, ఏం చెప్పాలి, నీ స్కేలు పెట్టి గొంతు గుంట కాడినుంచి కొలుచుకుంటాండా పాపా, కుడి పక్క ఎనిమిదిన్నర, ఎడమ పక్క తొమ్మిది, ఎన్ని తూర్లు కొలిచినా అంతే అని చెప్పాలా, ఉషారాణి స్కేలును లోపలికి నొక్కింది, అది మళ్లీ పైకి లేచింది, మొండిది, ఆ అర ఇంచీ లాగే మొండిది, మదనపల్లెలో డాక్టర్ అశ్విని ముందు కొలిచి చూపించాలని తనే తెచ్చుకుంది, చూడండి మేడమ్, రొమ్ములు పైకెత్తి కుట్టే ఆపరేషన్ చేసి ఆరు వారాలైంది, ఒకటి పైన, ఒకటి కింద, మళ్లీ కోసి సరిచేయండి అని అడగాలి, సోమవారం డ్యూటీ ఎక్కేలోపు తేదీ అయినా తీసుకోవాలి, కండక్టరు ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు, కొత్తవాడిలా ఉన్నాడు, ఇంత రద్దీలో వెనక నుంచి మొదలుపెట్టాలయ్యా అని నోటిదాకా వచ్చింది, తొమ్మిదేళ్లు ఇదే పని చేసినదాన్ని ఇవాళ కిటికీ పక్కన కూర్చుంటే చేతులు ఊరుకోవడం లేదు, ఆడవాళ్లకు జీరో టికెట్టు కొట్టి మిషను భుజాన వేసుకుని దర్జాగా పోతున్నాడు, డబ్బుల సంచి నడుం మీదే వేలాడుతోంది, మగవాడు కదా, దాన్ని ఎద మీదికి లాక్కోవాల్సిన అవసరం వాడికేముంది.

అట్లాంటి సంచి తొమ్మిదేళ్లు ఆమె ఎద మీదే ఉంది, ఇద్దరు బిడ్డలకు పాలిచ్చి, థైరాయిడ్‌తో ఒళ్లు ఊరి, మందులకు మళ్లీ ఇరవై కేజీలు కరిగి, మిగిలినవి రెండూ బొడ్డు వైపు చూస్తూ వేలాడుతుంటే, పలమనేరు రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో సంచి, సంచి కింద తను, ఎండాకాలం వస్తే మడతల్లో చెమటకు ఒరిసి పుండ్లు, పౌడరు చల్లి పాత చీరగుడ్డ మడిచి పెట్టుకుని డ్యూటీకి పోయేది, ఒకరోజు ఆ గుడ్డ మార్చుకుంటుంటే అత్త మునిలక్ష్మమ్మ చూసింది, చూసి నోరు మూసుకుని పోతుందనుకుంటే తలుపు దగ్గరికి వేసి లోపలికొచ్చింది, ఎన్నాళ్ల నించి ఉండాది ఇది అంది, డాక్టరమ్మ ఆపరేషన్ ఉందని చెప్పింది అత్తా, కానీ దాన్ని షోకు అంటారు జనం అని తను నసిగితే, షోకైతే యేమి పుండైతే యేమి, ఆ బరువు మోసేది నువ్వా జనమా, నేను సెనక్కాయ చేన్లో వంగి కలుపు తీస్తా ముప్పై ఏండ్లు ఈడ పుండ్లకు పసుపు పూసుకున్నా, దీనికి ఆస్పత్రి ఉండాదని నాకు చెప్పినోళ్లు లేరు, నువ్వు పో అంది, అంతే, ఆమె పో అన్నాక ఇంట్లో ఇంకెవరూ నోరెత్తలేదు, ఆపరేషన్ అయ్యాక చేతులు పైకెత్తకూడదన్న రోజుల్లో పొద్దున్నే తల దువ్వి జడ వేసింది, ఆ బిగుతు బాడీకి హుక్కులు పెట్టింది, సిగ్గెందుకే నేనేమన్నా మొగోణ్నా అని కసిరింది, కన్నతల్లి ఉంటే ఇంతకంటే ఏం చేస్తుంది, ఉషారాణి కిటికీ వైపు తిరిగింది.

ఇంత చేయించుకుని మళ్లీ ఈ ఏడుపేమిటి, కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుని నిజంగానే ఏడ్చింది, సంతోషానికే, పెళ్లినాటి మనిషి ఎదురుగా నిలబడినట్టుంది, వారం తిరక్కముందే కళ్లు వంకలు వెతకడం మొదలుపెట్టాయి, మచ్చ నల్లబడుతోంది, కింద కుట్టు దగ్గర ముడి కట్టింది, ఎడమది దిగింది, దిగిందా, దిగింది, స్కేలు అబద్ధం చెప్తుందా, ఏమండీ ఒకసారి చూడండి అని మొగుణ్ణి పిలిస్తే చంద్రశేఖర్ తలుపు దగ్గరే నిలబడి పైపైన చూసి, నాకేం తేడా కనబళ్లేదే అన్నాడు, చూడందే ఎట్లా కనబడుతుందని ఆమె మండిపడింది, మర్నాడు జాగ్రత్తగా చూసి, అవును, కొంచెం ఉండాది గదా అన్నాడు, ఆ మాటకు రెండు రోజులు మాట్లాడలేదు, పాపం ఏమంటే బతికిపోతాడో తెలియక ఇప్పుడు పిలిస్తేనే దడుస్తున్నాడు, ఆరు నెలలు ఆగండి, వాపు దిగి ఆకారం కుదురుకుంటుంది, మచ్చ పలచబడడానికి ఏడాది పడుతుంది అని డాక్టరమ్మ మొదటే చెప్పింది, ఆపరేషన్‌కు ముందు తీసిన ఫోటోలు చూపించబోతే తనే వద్దు మేడమ్ అని మొహం తిప్పుకుంది, ఆ పాత రూపాన్ని ఇంకోసారి చూడడమెందుకని, కోసిన చోటే మళ్లీ కోయించుకుంటే అత్త ఏమంటుంది, పో అన్న మనిషి ఈసారి ఏమీ అనదు, మళ్లీ జడ వేస్తుంది, అదే కదా బాధ.

పుంగనూరు, పుంగనూరు అని కండక్టరు అరిచేసరికి బ్యాగు పట్టుకుని దిగింది, మదనపల్లె పోయేలోపు ఈడో పని ఉంది, ఖాకీ యూనిఫాం జాకెట్లు పాతవి ఒక్కటీ సరిపోవడం లేదు, పెళ్లి నుంచి ఇప్పటిదాకా పద్దెనిమిదేళ్లు తిమ్మక్క తప్ప ఇంకొకరు కుట్టింది తను వేసుకోలేదు, కుప్పంలో దర్జీలు లేరా అంటే ఉన్నారు, తిమ్మక్క లేదు, బస్టాండు వెనక సందులో ఒక మిషను, ఒక బల్ల, గోడకు వేలాడే జాకెట్లు, లోపలికి అడుగుపెట్టబోతూ గడప దగ్గర ఆగింది, డిపోలో గడ్డ తీసినారని చెప్పుకుంది, చుట్టాలకు అదే చెప్పింది, టేపు పట్టుకున్న మనిషికి ఏం చెప్పి నమ్మించాలి, ఏం ఉషమ్మా, ఇన్నాళ్లకు కనబడినావే, కూసో అంది తిమ్మక్క, కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, ఆది జాకెట్టు తెచ్చినావా, తెచ్చింది, సరిపోదని తెలిసీ తెచ్చింది, దర్జీ దగ్గరికి ఆది లేకుండా పోవడం అలవాటు లేదు కదా, అది పనికిరాదు తిమ్మక్కా, కొత్తగా కొలతలు తీసుకో అంది.

తిమ్మక్క కర్టెను లాగింది, టేపు భుజం మీదినుంచి దిగింది, ఒకచోట ఆగింది, మళ్లీ పైకి పోయి దిగింది, చుట్టుకొలత పెద్దగా మారలేదు, ఎత్తు మూడించీలు పైకొచ్చింది, ముప్పై ఏళ్లు ఆడవాళ్ల ఒళ్లు కొలిచిన మనిషికి ఇంకేం చెప్పాలి, ఆపరేషనా అని కూడా అడగలేదు, నొప్పిగా ఉంటే చెప్పు, టేపు వదులుగా పడతా అంది, ఆ ఒక్క మాటతో ఉషారాణి మనసులోదంతా బయటికొచ్చేసింది, ఆపరేషన్ చేయించుకున్నా తిమ్మక్కా, బాగా చేసినారు, కానీ ఎడమ పక్కది దిగిపోయింది, అర ఇంచీ, ఇప్పుడే పోయి మళ్లీ చేయమని అడగతా, తిమ్మక్క కొలతల నోటు పక్కన పెట్టి పాత ఆది జాకెట్టు తీసుకుని తిరగేసి బల్ల మీద పరిచింది, ఈడ సూడు అంది, ఎద ఒంపు కోసం వేసే మడత కుట్టు, కుడి డాటు మీద ఒక వేలు, ఎడమ డాటు మీద ఒక వేలు, రెండు వేళ్లూ ఒక వరసలో లేవు, ఎడమది కిందికి ఉంది, స్కేలు ఉండాదా అంది, ఉషారాణి బ్యాగులోంచి తీసి ఇచ్చింది, తిమ్మక్క కొలిచి చూపించింది, అర ఇంచీ, పెండ్లికి కుట్టిన మొదటి జాకెట్టు నుంచీ ఇట్లనే యేస్తాండా, నీది ఎడమ పక్క ముందునుంచే అంత కిందికి, మూడించీలు పైకెత్తినా రెండూ కలిసే లేచినాయి, ఆ తేడా అట్లనే ఉండాది, మరి నాకెప్పుడూ చెప్పలేదే అంటే, యాల చెప్పల్ల, చెప్తే నీకు అద్దం కాడ అదొక పని, రెండూ ఒకే తీరుగా ఉండే ఆడది ఇంతవరకు నా టేపు కిందికి రాలేదమ్మా, ఒకరికి భుజం, ఒకరికి చెయ్యి, ఒకరికి ఇది, నేను కుట్లో సర్దేస్తా, వాళ్లు సరిగ్గా కుట్టినావు తిమ్మక్కా అంటారు, పోతారు అంది, నవ్వింది, ఉషారాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది, తిమ్మక్క పెన్సిలు నాలిక్కి అద్దుకుని, ఈసారి యెట్లా యేయమంటావు, రెండూ సమానంగానా, పాతమాదిరా అని అడిగింది, పాతమాదిరే యెయ్యి తిమ్మక్కా అంది ఉషారాణి.

మదనపల్లె బస్సులో సీటు దొరికింది, పక్కన కూరగాయల గంప పట్టుకున్న ముసలావిడ కనబడితే లేచి ఇచ్చేసింది, రెండు చేతులూ పైకెత్తి కడ్డీ పట్టుకుని నిలబడింది, ముందు టమాటా క్రేట్ల లారీ, దాని వెనక నెమ్మదిగా వీళ్ల బస్సు, గుంతలో పడి ఎగిరింది, ఎగిరితే ఏమీ కాలేదు, ఎద మీద సంచి లేదు, దాచుకునేందుకు చెయ్యి పోలేదు, ఇది మొదటిసారి అని తోచింది, పద్దెనిమిదేళ్లు తన ఒళ్లు తను చూసుకోలేదు, గుడ్డ మడిచి పెట్టుకునేటప్పుడు కూడా కళ్లు మూసుకునే పెట్టుకుంది, చూడనప్పుడు వంక ఎట్లా తెలుస్తుంది, ఇప్పుడు రోజుకు పదిసార్లు చూసుకుంటోంది కాబట్టి ఎప్పటిదో కొత్తగా కనబడింది, చూసుకోవాలనిపించే ఒళ్లు చేతికి వచ్చాక స్కేలు పెట్టి దాన్ని తిడుతూ కూర్చుంది, బుద్ధి ఉండొద్దా, డాక్టరమ్మకు ఏం చెప్పాలి, మచ్చకు పూసే మందు రాసివ్వండి మేడమ్, ఆ ఫోటోలు ఉంటే ఒకసారి చూపించండి, ఈసారి మొహం తిప్పుకోను అని చెప్పాలి, బాగా చేసినారు మేడమ్ అని కూడా చెప్పాలి, ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటా చెప్పనే లేదు, ఇంటికి పోగానే వాణి స్కేలు వాణికి ఇచ్చేయాలి, చంద్రశేఖర్‌ను పిలిచి దడవకండి, ఏమీ అడగను అనాలి, అత్తకు ఏం తీసుకుపోవాలి, ఏం తీసుకుపోయినా నాకెందుకే అంటుంది, రేపు పొద్దున ఆమె వెనక కూర్చుని ఈరోజు నేను దువ్వుతా రా అత్తా అనాలి, ఒకరు తాము పసుపు పూసుకుని పడిన నొప్పి కోడలు పడకూడదని ఆస్పత్రికి పంపారు, ఒకరు ఆ పుండ్లు మళ్లీ రాకుండా కోసి కుట్టారు, ఒకరు పద్దెనిమిదేళ్లు చెప్పకుండా అర ఇంచీ కిందికి కుట్టారు, తను సరిగ్గా ఉన్నాననుకున్న అన్నేళ్లూ ఆ అర ఇంచీతోనే ఉంది, అప్పుడు సరిపోయింది, ఇప్పుడూ సరిపోతుంది.